ఓడిన పదవే వెతుక్కుంటూ వచ్చింది

గార్లదిన్నె: అనంతపురం నుంచి గుత్తికి పోయే పెద్దరోడ్డు మీద బస్సులు, లారీలు రాత్రింబగళ్లు పరుగులు తీస్తుంటాయి. హైదరాబాదుకూ బెంగళూరుకూ మధ్య తిరిగేవారు గార్లదిన్నెను దాటుకునే వెళతారు. ఈ మండలంలోని ఇల్లూరులో పుట్టిన ఒక రైతుబిడ్డ దేశానికి రాష్ట్రపతి అయిన సంగతి ఆ బస్సుల్లో కూర్చున్నవారిలో ఎందరికి గుర్తుందో చెప్పలేం. రోడ్డు దిగి ఇల్లూరు చూడబోయిన వాళ్లు అక్కడ రాజభవనాలేమీ ఆశించకూడదు. జిల్లాలోని మిగతా పల్లెలెలా ఉంటాయో ఇదీ అలాగే ఉంటుంది. చేలు, చెట్లు, వాన కోసం ఎదురుచూపులు. ఈ ఊరి పేరు ఢిల్లీ దాకా తీసుకుపోయిన మనిషి నీలం సంజీవరెడ్డి.

ఆయన 1913 మే 19న ఇల్లూరులో పుట్టారు. తండ్రి నీలం చిన్నపరెడ్డి. భూమి ఉన్న కుటుంబం కాబట్టి పిల్లవాణ్ణి చదువుకు మద్రాసు పంపగలిగారు. అక్కడి అడయారు దివ్యజ్ఞాన సమాజం వారి హైస్కూలులో చదివి, కాలేజీకి అనంతపురం తిరిగి వచ్చారు. అదే ఇప్పటి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ. 1929లో గాంధీజీ అనంతపురం వచ్చినప్పుడు సంజీవరెడ్డికి పదహారేళ్లు. ఆ రాక తర్వాత ఆయన మనసు పుస్తకాల మీద నిలవలేదు. 1931లో చదువు మానేసి ఉద్యమంలో దిగారు. డిగ్రీ లేకుండానే బయటికి వచ్చిన ఆ కుర్రవాడికి తర్వాత తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1954లో ఆ విశ్వవిద్యాలయం నెలకొనడానికి పాటుపడిన వారిలో ఆయనా ఒకరు.

1935లో తరిమెల ఆడపడుచు నాగరత్నమ్మతో పెళ్లి జరిగింది. వీరికి ఒక కొడుకు, ముగ్గురు కూతుళ్లు. ఈ పెళ్లి గురించి చెప్పేటప్పుడు తరిమెల నాగిరెడ్డిని చెప్పకుండా ఉండలేం. నాగరత్నమ్మ అన్నదమ్ముల్లో ఆయన ఒకరు, గట్టి కమ్యూనిస్టు. సంజీవరెడ్డి సొంత తమ్ముడు నీలం రాజశేఖరరెడ్డి కూడా కమ్యూనిస్టు పార్టీలోనే పేరు తెచ్చుకున్నారు. ఒకే చుట్టరికంలో ఇటు ఖద్దరు టోపీ, అటు ఎర్రజెండా. పండుగకు ఒకే పంక్తిలో కూర్చోవలసిన వాళ్లు ఎన్నికల్లో ఎదురెదురుగా నిలబడ్డారు. 1952లో తొలి సాధారణ ఎన్నికలు వచ్చాయి. అనంతపురం అసెంబ్లీ స్థానంలో అప్పటికే ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడుగా ఉన్న సంజీవరెడ్డిని బావమరిది నాగిరెడ్డి ఓడించారు. సొంత జిల్లాలో, సొంతవాడి చేతిలో ఓటమి. ఆ మాట జిల్లాలో చాలాకాలం చెప్పుకున్నారు.

అప్పటికి ఆయన రాజకీయాలకు కొత్తవాడేం కాదు. 1938లో పాతికేళ్ల వయసుకే ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘానికి కార్యదర్శి అయి పదేళ్లు ఆ పని చూశారు. 1940 నుంచి 1945 వరకు ఎక్కువ కాలం జైళ్లలోనే గడిచింది. 1942 మార్చిలో విడుదలైతే ఆగస్టులో మళ్లీ పట్టుకున్నారు. అమరావతి జైలులో పెట్టారు. ఇది కృష్ణ ఒడ్డున ఉన్న మన అమరావతి కాదు, ఇప్పటి మహారాష్ట్రలో ఉన్న అమరావతి. ఆ జైలులో ఆయనతో పాటు ఉన్నవారు ప్రకాశం పంతులు, సత్యమూర్తి, కామరాజు, వి.వి.గిరి. ఈ చివరి పేరును పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ల తర్వాత ఈ ఇద్దరు ఖైదీలే ఒకే కుర్చీ కోసం పోటీపడ్డారు.

1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. రాజ్యాంగం రాసిన సభలోనూ సభ్యుడు. 1949 నుంచి 1951 వరకు మద్రాసు ప్రభుత్వంలో మంత్రిగా మద్యనిషేధం, గృహనిర్మాణం, అడవుల శాఖలు చూశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా ఏర్పడితే ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. 1955 ఎన్నికల తర్వాత బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలో కూడా అదే పదవి.

తొలి ముఖ్యమంత్రి

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. నలభై మూడేళ్ల సంజీవరెడ్డి దానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఆంధ్ర, తెలంగాణ నాయకులు ఆ ఏడాది ఫిబ్రవరిలో చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకం చేసినవారిలో ఆయన కూడా ఉన్నారు. ముఖ్యమంత్రి ఆంధ్ర ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి తెలంగాణ వాడు కావాలన్నది అందులోని ఒక షరతు. తన మంత్రివర్గంలో ఆయన ఆ పదవే పెట్టలేదు. తెలంగాణలో ఈ మాట ఎన్నో ఏళ్లు నలిగింది, అక్కడివాళ్లు మరచిపోనూ లేదు. సొంత జిల్లావాడని ఈ సంగతిని దాచడం న్యాయం కాదు.

పల్లెలకు ఆయన హయాంలో జరిగిన పెద్ద మార్పు పంచాయతీరాజ్. 1959లో గ్రామ పంచాయతీ, సమితి, జిల్లా పరిషత్తు అనే మూడంచెల ఏర్పాటు మన రాష్ట్రంలో మొదలైంది. దేశంలో రాజస్థాన్ తర్వాత దీన్ని అమలుచేసింది మన రాష్ట్రమే. బడికి గది కావాలన్నా, బావికి ఒర కట్టాలన్నా తాసీల్దారు చుట్టూ తిరిగిన రైతు సమితి ఆఫీసు మెట్లెక్కడం అప్పుడే నేర్చుకున్నాడు. సమితి ప్రెసిడెంటు జీపు ఊళ్లోకి వస్తే పిల్లలు దుమ్ములో వెంటబడి పరుగెత్తిన రోజులు పాతతరం వాళ్లకు తెలుసు. 1985లో మండలాలు వచ్చేదాకా ఆ సమితులే పల్లె రాజకీయాలకు బడులు.

1959 డిసెంబరులో ఆయనను అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడుగా ఎన్నుకున్నారు. 1960 జనవరిలో ముఖ్యమంత్రి పదవి వదులుకోగా కర్నూలు జిల్లాకు చెందిన దామోదరం సంజీవయ్య ఆ స్థానంలోకి వచ్చారు. దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి ఆయనే. అలా పోయి, రెండేళ్లు దేశమంతా తిరిగి, 1962 మార్చిలో మళ్లీ రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా వచ్చారు.

ఈసారి ఉన్నది రెండేళ్లే. కర్నూలు జిల్లాలో ప్రైవేటు బస్సు రూట్లను ప్రభుత్వం తీసుకోబోయింది. బస్సు యజమానులు కోర్టుకు ఎక్కారు. రాజకీయ కక్షతోనే ముఖ్యమంత్రి తమ జిల్లాను ముందు ఎంచుకున్నారని వారి ఆరోపణ. సుప్రీంకోర్టు దాకా పోయిన ఆ కేసులో ముఖ్యమంత్రి స్వయంగా ఆ ఆరోపణను కాదంటూ ప్రమాణపత్రం వేయలేదు. ఖండించలేదు కాబట్టి ఆరోపణను నమ్మవలసి వస్తోందనే అర్థంలో కోర్టు వ్యాఖ్య చేసింది. 1964 ఫిబ్రవరిలో ఆయన రాజీనామా ఇచ్చి దిగిపోయారు. కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. తర్వాతి కాలంలో ఇంతకు పదింతల మాటలు పడి కూడా కుర్చీ వదలనివాళ్లను జనం చూశారు గనుక, నాలుగు బస్సు రూట్ల మీద ముఖ్యమంత్రి దిగిపోవడం ఇవాళ్టివాళ్లకు కథలాగే తోస్తుంది.

ఆ ఏడాదే లాల్ బహదూర్ శాస్త్రి ఆయనను కేంద్రంలో ఉక్కు, గనుల మంత్రిగా తీసుకున్నారు. 1966లో ఇందిరాగాంధీ ప్రభుత్వంలో రవాణా, విమానయానం, ఓడలు, పర్యాటకం శాఖలు ఇచ్చారు. 1967లో హిందూపురం నుంచి లోక్ సభకు నెగ్గారు, స్పీకరు అయ్యారు. ఆ కుర్చీ ఎక్కగానే పార్టీ సభ్యత్వానికి రాజీనామా చేశారు. సభలో అందరివాడుగా ఉండాలన్నది ఆయన ఉద్దేశం. అందరూ ఆ పద్ధతి పాటించలేదు.

1969 ఆగస్టు

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుసేన్ కన్నుమూశారు. కొత్త రాష్ట్రపతి ఎవరనే దాని మీద జూలైలో బెంగళూరులో కాంగ్రెస్ పెద్దలు కూర్చున్నారు. ఇందిరాగాంధీ జగ్జీవన్ రామ్ పేరు చెప్పారు. పెద్దలు ఒప్పుకోలేదు. వాళ్లు ఖాయం చేసిన పేరు సంజీవరెడ్డిది. స్పీకరు పదవికి రాజీనామా చేసి ఆయన పోటీకి దిగారు. ఆయన నామినేషన్ పత్రం మీద సంతకం చేసింది ఇందిరాగాంధీయే. చేసిన కొన్నాళ్లకే అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేసుకోవచ్చని పిలుపు ఇచ్చిందీ ఆమే. ఎదుటి అభ్యర్థి ఎవరో కాదు, అమరావతి జైలు సహచరుడు వి.వి.గిరి. ఆయన స్వతంత్రుడుగా నిలబడ్డారు.

ఓట్లు ఆగస్టు 16న పడ్డాయి, 20న లెక్కించారు. మొదటి ప్రాధాన్యం ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548 విలువ వచ్చింది. ఎవరికీ సగం దాటలేదు. రెండో ప్రాధాన్యం ఓట్లు కలిపితే గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. తేడా 14,650. రాష్ట్రపతి ఎన్నిక అంత బిగువుగా జరగడం దేశంలో అదే. ఇద్దరూ తెలుగువాళ్లే, ఒకే జైలు కూడు తిన్నవాళ్లే. సొంత పార్టీవాళ్ల ఓట్లే ఒకరికి దక్కక, మరొకరికి పడ్డాయి. ఆ గొడవతో ఆ నవంబరుకల్లా కాంగ్రెస్ రెండుగా చీలింది.

ఒకసారి ఆయన స్థితి ఆలోచించాలి. వయసు యాభై ఆరు. స్పీకరు పదవి పోయింది, రాష్ట్రపతి పదవి రాలేదు. నమ్మినవాళ్లే చేయి వదిలారు. అలాంటప్పుడు చాలామంది ఢిల్లీలోనే ఒక ఇల్లు చూసుకుని, ఏదో ఒక దారి దొరక్కపోతుందా అని కాచుకుని కూర్చుంటారు. ఆయన మూటాముల్లె సర్దుకుని అనంతపురం వచ్చి సేద్యంలో పడ్డారు.

అనంతపురం జిల్లాలో సేద్యం అంటే ఏమిటో ఈ పాఠకులకు చెప్పనక్కరలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు ఎగ్గొడుతుందో చెప్పలేం. చెనక్కాయ విత్తు పడ్డాక మేఘం వైపు చూడటమే పని. పార్లమెంటులో నిన్నటిదాకా ఐదు వందలమందికి పైగా సభ్యులను అదుపులో పెట్టిన మనిషి ఈ నేల మీదికి వచ్చారు. ఇక్కడ ఎవరి మాటా చెల్లదు, వానదే చెల్లుబాటు. ఆయన రాజకీయం అయిపోయిందనే అందరూ అనుకున్నారు.

ఆరేళ్లు గడిచాయి. 1975 మే 1న హైదరాబాదులో జయప్రకాశ్ నారాయణ్ తో కలిసి ఒక బహిరంగసభలో మాట్లాడారు. చాలా కాలం తర్వాత ఆయన మళ్లీ రాజకీయ వేదిక ఎక్కింది అప్పుడే. ఆ తర్వాతి నెలలోనే దేశంలో ఎమర్జెన్సీ వచ్చింది. బావమరిది తరిమెల నాగిరెడ్డి ఆ చీకటి కాలంలోనే, 1976 జూలై 28న, అజ్ఞాతంలో ఉండగా మరణించారు.

1977 మార్చి ఎన్నికల్లో సంజీవరెడ్డి జనతా పార్టీ తరఫున నంద్యాలలో నిలబడ్డారు. ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది. మన రాష్ట్రంలో మాత్రం గాలి ఎదురు తిరిగింది. 42 లోక్ సభ స్థానాల్లో 41 కాంగ్రెస్ కే పోయాయి. మిగిలిన ఒక్కటీ నంద్యాల. మార్చి 26న ఆయన రెండోసారి స్పీకరు అయ్యారు. ఆ కుర్చీలో నాలుగు నెలలు కూడా కూర్చోలేదు.

ఆ ఫిబ్రవరిలో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ చనిపోయారు. ఆ ఖాళీకి అన్ని పార్టీలూ ఒప్పుకున్న పేరు సంజీవరెడ్డిదే అయింది. ఎనిమిదేళ్ల క్రితం ఆయనను కాదన్న కాంగ్రెస్ కూడా ఈసారి తల ఊపింది. 37 మంది నామినేషన్లు వేశారు. పరిశీలనలో 36 చెల్లలేదు. మిగిలింది ఆయనొక్కరే. 1977 జూలై 21న పోటీ లేకుండా ఎన్నికైనట్టు ప్రకటించారు. అలా ఏకగ్రీవంగా ఎన్నికైన రాష్ట్రపతి అంతకు ముందు లేరు, ఆ తర్వాతా రాలేదు. వయసు అరవై నాలుగు. అంత చిన్న వయసులో ఎవరూ ఆ పదవిలోకి రాలేదన్న లెక్క 2022లో ద్రౌపది ముర్ము వచ్చేదాకా నిలిచింది.

ప్రమాణం చేసింది జూలై 25న. ఆ తేదీయే తర్వాత ఆనవాయితీ అయింది. జైల్ సింగ్ నుంచి ముర్ము వరకు వచ్చిన ప్రతి రాష్ట్రపతీ జూలై 25నే ప్రమాణం చేశారు. పదవిలోకి వచ్చిన కొత్తలోనే తన జీతంలో 70 శాతం వదులుకుంటున్నట్టు ఆయన ప్రకటించారు.

పదవి పట్టుపాన్పు కాలేదు. 1979 జూలైలో మొరార్జీ దేశాయి ప్రభుత్వం పడిపోయింది. చరణ్ సింగ్ ను ప్రధానిగా పిలిచి, సభలో బలం చూపించమన్నారు. ఆయన సభ ముందుకు రాకుండానే ఆగస్టు 20న రాజీనామా ఇచ్చారు. ప్రభుత్వం తాను ఏర్పాటు చేస్తానని జగ్జీవన్ రామ్ ముందుకొచ్చారు. సంజీవరెడ్డి ఆయనను పిలవకుండా ఆగస్టు 22న లోక్ సభను రద్దుచేశారు. 1969లో బెంగళూరులో తన పేరుకు పోటీగా వచ్చిన పేరు కూడా జగ్జీవన్ రామ్ దే కావడంతో కొందరు రకరకాలుగా మాట్లాడారు. ఆయనను ఎన్నుకున్న జనతా నాయకులే తీవ్రంగా విమర్శించారు. రాజ్యాంగం తెలిసినవాళ్లలో ఇది సరైన నిర్ణయమన్నవారు, జగ్జీవన్ రామ్ కు ఒక అవకాశం ఇవ్వవలసిందన్నవారు ఇద్దరూ ఉన్నారు. రెండో మాటలో బలం లేకపోలేదు.

ఎన్నికలు జరిగాయి. 1980 జనవరి 14న ఇందిరాగాంధీ మళ్లీ ప్రధాని అయ్యారు. ఆమె చేత ప్రమాణం చేయించింది 1969లో ఆమె పిలుపుతో ఓడిన ఈ ఇల్లూరు మనిషే. తర్వాత రెండున్నరేళ్లు ఇద్దరూ ఎవరి పని వారు చేసుకుపోయారు.

మళ్లీ సొంత నేలకు

1982 జూలై 25న పదవి ముగిసింది. ఆ తర్వాత కర్ణాటక ముఖ్యమంత్రిగా వచ్చిన రామకృష్ణ హెగ్డే ఆయనను బెంగళూరులో స్థిరపడమని ఆహ్వానించారు. బెంగళూరు చల్లని ఊరు, డాక్టర్లు దగ్గర, అనంతపురానికి కూడా ఎంతో దూరం లేదు. అయినా ఆయన అనంతపురంలోని తన పొలానికే వచ్చారు. 1969లో ఓడి వచ్చినప్పుడు వేరే దారి లేక వచ్చారని అనుకున్నవాళ్లకు ఈ రెండో రాకతో జవాబు దొరికింది. తన జ్ఞాపకాలను ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1989లో వెలువడింది.

1996 జూన్ 1న బెంగళూరులో న్యుమోనియాతో కన్నుమూశారు. ఎనభై మూడేళ్లు. సమాధి బెంగళూరులోని కల్పల్లి శ్మశానంలో ఉంది. అది ఇల్లూరులో ఉంటుందనుకుని వచ్చినవాళ్లు వెనుదిరగవలసిందే.

అంత ఎత్తుకు పోయినవాడు మన కరువు జిల్లాకు ఏం చేశాడన్న ప్రశ్న ఇక్కడి రచ్చబండల మీద పాతదే. ఆ ప్రశ్న అడిగేవాళ్ల కడుపు మంట అర్థం చేసుకోదగిందే. గార్లదిన్నె మండలంలోనే పెన్న మీద మిడ్ పెన్నార్ ఆనకట్ట ఉంది. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు అక్కడికి చేరతాయి. ఆ నీళ్లు అందిన ఊళ్లకు ఒక బతుకు, అందని ఊళ్లకు మరో బతుకు. అందనివే ఎక్కువ.

ఆయన పేరు మీద ఉన్న పెద్ద జలాశయం మాత్రం ఈ జిల్లాలో లేదు. శ్రీశైలం జలాశయాన్నే నీలం సంజీవరెడ్డి సాగర్ అంటారు. 1963 జూలై 24న నెహ్రూ దానికి శంకుస్థాపన చేసినప్పుడు ముఖ్యమంత్రి సంజీవరెడ్డి. మొదట అది కరెంటు కోసం తలపెట్టిన ప్రాజెక్టు, సాగునీటి మాట తర్వాత చేరింది. అక్కడ కరెంటు తయారీ మొదలైంది 1982లో, అంటే ఆయన రాష్ట్రపతి భవనం నుంచి ఇంటికి వచ్చిన ఏడాదే. దాని కింద కర్నూలు, మహబూబ్ నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు మునిగాయి. ఇళ్లు, చేలు, గుడులు వదిలి వచ్చిన ఆ జనం ఉసురు కూడా ఆ నీళ్లలో ఉంది.

ఆ జలాశయం నీళ్లను హంద్రీ-నీవా కాలువలో ఎత్తిపోసుకుంటూ అనంతపురం జిల్లాకు తేవడానికి దశాబ్దాలు పట్టింది. బెళుగుప్ప మండలంలోని జీడిపల్లి జలాశయానికి ఆ నీళ్లు 2012లో చేరాయి. శంకుస్థాపన జరిగి అప్పటికి నలభై తొమ్మిదేళ్లు, సంజీవరెడ్డి పోయి పదహారేళ్లు.